రెండేళ్లూ వాన ఒకటే, మరి బీట్లో గడ్డి ఎందుకు మారిపోయింది?

గుట్టకింద_ఊరు
మాది కదిరి పక్క పల్లె. నాన్న జీవాలు మేపుతాడు, నేను అనంతపురంలో ఉద్యోగం. ఊరి వెనక గుట్ట, దాని కింద పెద్ద బీడు. ఊరి మందలన్నీ అక్కడికే పోతాయి. పోయినేడు ఇదే సెప్టెంబర్‌లో గుట్ట నడుము దాకా బోద గడ్డి, కింద బీట్లో మోకాలెత్తు మేత ఉండేది. ఈ ఏడు అదే చోట వెంపలి, తంటెం, పల్లేరు. గడ్డి అంటూ ఉంటే అక్కడక్కడ చీపురు గడ్డి. జీవాలు పొద్దంతా తిరిగి అరకడుపుతో దొడ్డికి వస్తున్నాయి.

మండల వర్షపాతం లెక్క తీసి చూశా. రెండేళ్లూ ఇంచుమించు సమానం. వాన తగ్గలేదు కదా, గడ్డి ఎటు పోయింది? వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు కలికాలం అన్నారు, ఇంకొకరు సెల్ టవర్లు అన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

మెట్టరైతు_పత్తికొండ
ఎంత పడిందో చెప్పావు, ఎప్పుడు పడిందో చెప్పలేదు. మెట్ట సేద్యంలో రెండోదే ముఖ్యం. బీడుకైనా అంతే.

సీమజీవాలు
వాన సంగతి తర్వాత. మీ ఊళ్లో మందలు ఎన్ని పెరిగాయి? మా పక్క పదేళ్ల కింద జీవాలు లేని ఇళ్లలో కూడా ఇప్పుడు ఉన్నాయి. బీడు మాత్రం అంతే, పైగా సగం పట్టాలైపోయింది. మొలిచిన గడ్డిని మొలిచినట్టే కొరికేస్తే మిగిలేది జీవాలు ముట్టని వెంపలే. దీనికి వాన లెక్కలు ఎందుకు?

గుట్టకింద_ఊరు
@సీమజీవాలు మందలు పెరిగిన మాట నిజమే అన్నా. కానీ పోయినేడు కూడా ఇవే మందలు, ఇదే బీడు. ఒక్క ఏడాదిలో ఇంత తేడా ఎలా?

@మెట్టరైతు నాన్నకు ఫోన్ చేశా. ఆయన కార్తెల్లో చెప్పాడు. పోయినేడు మృగశిరలో (జూన్ రెండో వారం) మొదలై ఆరుద్ర, పునర్వసు, పుష్యమి (జులై చివర) దాకా వదలకుండా పడిందట. పెద్ద వానలు కావు, నేల ఆరేలోపు మళ్లీ ఒకటి. ఈ ఏడు రోహిణిలోనే (మే చివర) వంకలు పారేంత వాన. బీడంతా పచ్చబడింది. తర్వాత ఆరుద్ర (జులై మొదలు) దాటేదాకా చుక్క లేదు. ఆ తర్వాత ముసురు తుంపర్లు. పడాల్సిందంతా ఉత్తర కార్తెలో (సెప్టెంబర్ నడుమ) నాలుగు రోజుల్లో పడింది.

మెట్టరైతు_పత్తికొండ
ఇంకేం, జవాబు మీ నాన్నే చెప్పేశాడు. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు" అని ఊరికే అనలేదు పెద్దలు.

పచ్చికబయలు
గడ్డి భూముల మీద పరిశోధన చేస్తున్నా, కాస్త వివరంగా రాస్తా.

బీట్లో గడ్డి రెండు రకాలు. బోదలాంటివి బహువార్షికాలు. పైన ఎండిపోయినా దుబ్బు మట్టంలో, వేళ్లలో ప్రాణం ఉంటుంది. రెండో రకం ఏకవార్షికాలు, ఏటా విత్తనం నుంచే రావాలి. వీటితో పాటు వెడల్పాకు మొక్కలు: వెంపలి, తంటెం, పల్లేరు, తుమ్మి, గలిజేరు.

రోహిణిలో పెద్ద వాన పడగానే పైమట్టిలో ఉన్న గడ్డి విత్తనం చాలా వరకు ఒక్కసారే మొలుస్తుంది. ఆ మొలక వేరు రెండు మూడు వారాలకు కూడా లోతుకు పోదు. మే ఎండకు పైమట్టి నాలుగైదు రోజుల్లోనే ఆరిపోతుంది. మొలకలన్నీ చచ్చాయి. మళ్లీ వాన వచ్చేసరికి మొలవడానికి విత్తనం కొద్దిగానే మిగిలింది.

తంటెం, వెంపలి అలా కాదు. గింజ పైతోలు గట్టి. ఒక వానకు కొన్నే మొలుస్తాయి, మిగతావి పై వానకో, పై ఏడాదికో ఆగుతాయి. పైగా వెంపలికి తల్లివేరు లోతుకు దిగుతుంది. పాత మొక్కకు జూన్ బెట్ట ఒక లెక్క కాదు. ఉత్తరలో వాన పడేసరికి నేల ఖాళీ, పోటీకి గడ్డి లేదు. ఆ చోటంతా ఇవి ఆక్రమించాయి.

అంటే మీ బీట్లో ఏం మొలవాలో తేల్చింది ఏడాది మొత్తం కాదు. తొలి వానకూ రెండో వానకూ మధ్య వచ్చిన ఎండ.

సీమజీవాలు
పుస్తకం లెక్క బాగుంది. బోద ఏటా విత్తనం నుంచి రానక్కర్లేదు, దుబ్బు నుంచే లేస్తుందని మీరే అన్నారు. మరి దుబ్బులు ఏమయ్యాయి? అవి బెట్టకు చావవు కదా?

పచ్చికబయలు
@సీమజీవాలు సరైన చోట పట్టుకున్నారు. దుబ్బు తొలి వానకు చిగురేసేటప్పుడు వేళ్లలో దాచుకున్న పిండిని ఖర్చు పెడుతుంది. ఆకు పెరిగి ఆ ఖర్చు తిరిగి పూడ్చాలి. ఈలోపే బెట్ట రావడం, ఆ పసి చిగురును జీవాలు కొరకడం రెండూ జరిగితే దుబ్బు చితికిపోతుంది. చావకపోవచ్చు, కానీ ఆ ఏడు లేవదు. పోయినేడు కూడా ఇవే మందలు కొరికాయి. కానీ వాన ఆగలేదు కాబట్టి దుబ్బు తిరిగి లేచింది. కాబట్టి మేపు, వాన విడివిడిగా చూడాల్సినవి కావు.

సీమజీవాలు
ఇప్పుడు ఒప్పుకుంటా. సగం.

శాక్రమెంటో_సీమవాడు
మాది ప్రొద్దుటూరు, ప్రస్తుతం కాలిఫోర్నియా. ఇక్కడ వానాకాలం చలికాలంలో, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఎండాకాలంలో కొండలన్నీ ఎండు గడ్డి రంగే. అయినా కథ అచ్చం మీ ఊరిదే.

ఇక్కడి పశువుల రైతులు ఏడాదికి పేరు పెట్టి మాట్లాడుకుంటారు: గడ్డి ఏడు, క్లోవర్ ఏడు, ఫిలరీ ఏడు. క్లోవర్ అంటే పప్పుజాతి మేత మొక్క. ఫిలరీ అంటే నేలకు అంటుకుని పెరిగే చిన్న మొక్క, తల్లివేరు ఉంటుంది. శరదృతువులో ముందే ఒక వాన పడి తర్వాత చాలా రోజులు ఆగిపోతే గడ్డి మొలకలు మాడిపోతాయి, ఫిలరీ బతుకుతుంది. వానలు ఎడం లేకుండా పడితే గడ్డి, క్లోవర్. హాప్‌లాండ్ అనే చోట విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి కొలిచి 1978లో దీని మీద పేపర్ కూడా వేశారు. మీ నాన్న కార్తెల్లో చెప్పింది ఈ రైతులు నెలల్లో చెప్తారు, అంతే తేడా.

కొత్తచెరువు_కుర్రోడు
మాకు పేర్లు పెట్టాలంటే "వెంపలి ఏడు, పల్లేరు ఏడు, ఏమీలేని ఏడు" అనాలి 😀

గునుగుపువ్వు
మాది మహబూబ్‌నగర్. 2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు అదే. జులైలో మాకు బాగానే పడింది. గడ్డి బాగా లేచి, సరిగ్గా ఎన్ను తీసే ముందు ఆగస్టు ఎండబెట్టింది. గడ్డి పొట్టిగా ఉండగానే గబగబా విత్తనం వేసి ఎండిపోయింది. ఇక్కడ మొలకలు చావలేదు, మేత బరువు పడిపోయింది. కాబట్టి బెట్ట ఎప్పుడు వచ్చినా ఒకే ఫలితం అనుకోవద్దు. మొలక మీద వస్తే మొక్కల రకమే మారుతుంది. ఎన్ను మీద వస్తే రకం అదే, కుప్ప తగ్గుతుంది. ఆ ఏడు మా పక్క మందలు మామూలు కంటే ముందే నల్లమల దారి పట్టాయి.

పచ్చికబయలు
@గునుగుపువ్వు అక్కా, చాలా మంచి పాయింట్. దీనికి ఇంకొకటి కలపాలి. విత్తనం సరిగా నిండకపోతే దెబ్బ పై ఏడు కూడా తగులుతుంది. బహువార్షికాలకూ అంతే, కరువు ఏడు దుబ్బులో పిలకల మొగ్గలు తక్కువ పడతాయి. మరుసటేడు వాన బాగా పడినా ఆ మొగ్గలకు మించి పిలకలు రావు. "వాన పడిందిగా, గడ్డి ఏది?" అని అడిగేటప్పుడు ముందటేడు వాన కూడా చూడాలి.

రేగడి_బాబు
అందరూ వాన వాన అంటున్నారు, నేల మాటే ఎత్తలేదు. మా ఆదోని వైపు నల్లరేగడి, కదిరి వైపు ఎర్రనేల. ఒకే వాన రెండు చోట్లా ఒకేలా పని చేయదు. నల్లరేగడికి నీళ్లు పట్టే గుణం ఎక్కువని దాన్నే మెచ్చుకుంటాం కానీ తుంపర్ల ఏడాదిలో అదే శాపం. నీళ్లన్నీ పైన రెండు మూడు అంగుళాల్లోనే ఉండిపోయి ఎండకు ఆవిరైపోతాయి. ఎర్ర ఇసుక నేలలో అదే తుంపర కాస్త లోపలికి ఇంకి పైన ఆరినా కింద తడి ఉంటుంది. తక్కువ వానల ప్రాంతంలో లోతు వేళ్ల గడ్డి ఎర్రనేలలో నిలబడి, రేగడిలో చతికిలబడటం చూడొచ్చు. వాన బాగా పడిన ఏడు లెక్క తిరగబడుతుంది.

కొత్తచెరువు_కుర్రోడు
అయితే ఐదు మిల్లీమీటర్ల వాన పడితే పనికి రాదా? వాతావరణ శాఖ రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే వాన రోజు అంటుంది కదా.

రేగడి_బాబు
లెక్కకు పనికొస్తుంది, గడ్డికి కాదు. ఐదు మిల్లీమీటర్లు పొద్దున పడితే సాయంత్రానికి ఎగిరిపోతుంది. అలాంటివి పది పడినా ఒకేసారి యాభై పడిన దానికి సమానం కాదు. లెక్కలో మాత్రం రెండూ యాభైయే. కాకపోతే గుట్ట వాలు మీద యాభై ఒక్క గంటలో పడితే సగం వంకలో పోతుంది, అది వేరే బాధ.

శాక్రమెంటో_సీమవాడు
దీని మీద అమెరికాలోనే కాన్సస్ రాష్ట్రంలో కోంజా ప్రెయిరీ అనే గడ్డి మైదానంలో ఒక ప్రయోగం చేశారు. గడ్డి మీద పైకప్పులు వేసి, పడిన వానను పట్టి, అదే నీళ్లను తక్కువ సార్లు, ఎక్కువ మోతాదులో పోశారు. మొత్తం నీళ్లు మారలేదు. అయినా గడ్డి పెరుగుదల తగ్గింది, మొక్కల రకాలు పెరిగాయి. 2002లో వచ్చింది ఆ పేపర్. అది మన అనంతపురం కంటే వాన ఎక్కువ పడే చోటు, కాబట్టి ఇక్కడికి అచ్చంగా అన్వయించకూడదు. కానీ "మొత్తం ఒకటే కదా" అనే మాటకు అంతకంటే గట్టి జవాబు లేదు.

బట్టమేక_కోసం
మేత గురించే మాట్లాడుతున్నారు కాబట్టి పక్షుల వైపు నుంచి ఒక మాట. నంద్యాల జిల్లా రోళ్లపాడు 614 హెక్టార్లు, 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు కనిపిస్తాయి, బట్టమేక కనిపించదు. కారణాలు చాలా ఉన్నాయి, చుట్టూ పంటలు మారడం వాటిలో పెద్దది. కానీ గడ్డి పరంగా చూస్తే ఆ పక్షికి అటు నున్నటి నేలా పనికిరాదు, ఇటు ఎత్తుగా దట్టంగా పెరిగిన గడ్డీ పనికిరాదు. తల ఎత్తితే నాలుగు దిక్కులూ కనిపించాలి, గుడ్డు పెట్టే చోట కాస్త చాటు ఉండాలి. వాన తీరు మారి గడ్డి పోయి పొదలు వస్తే మనకు మేత పోతుంది, దానికి ఇల్లే పోతుంది. బీడు అంటే పనికిరాని నేల అని రాసే కాగితాలు చూస్తే కడుపు మండుతుంది.

సీమజీవాలు
బట్టమేక మా తాత చూశాడు, నేను చూడలేదు. ఆ మాటకు ఒప్పుకుంటా, పూర్తిగా.

పశువుల_డాక్టర్
ఈ చర్చ చదివే కాపర్లకు ఒక హెచ్చరిక. ఎండాకాలమంతా ఎండుమేత తిన్న జీవాలు తొలకరికి లేచిన లేత గడ్డి మీద ఒక్కసారిగా పడితే చిటుక రోగం వస్తుంది. సాయంత్రం బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి ఉంటుంది, అదీ మందలో బాగా బలిసినదే. తొలకరికి ముందే టీకా వేయించండి. రోహిణిలో వాన ముందే పడితే అప్పటికే ఆలస్యం అయినట్టు.

ఇంకొకటి, బెట్టకు వడలిన జొన్న మోళ్ల నుంచి వానకు వచ్చిన పిలకల్లో విషం ఉంటుంది. ఆ చేలల్లోకి మందను వదలొద్దు.

గుట్టకింద_ఊరు
డాక్టర్ గారూ, ఈ ఏడు మా ఊళ్లో రోహిణి వాన తర్వాత చాలా జీవాలు అలాగే పోయాయి. దిష్టి అనుకున్నారు. ఈ పోస్టు ఊరి గ్రూపులో పెడుతున్నా.

ఎర్రగుట్ట_టీచర్
సర్కారు తుమ్మ గురించి ఎవరూ అనలేదు. అది మన సీమకు 1870ల్లో వచ్చింది, కడప జిల్లా కమలాపురంలో మొదట నాటారు. దాని వేరు ఎంత లోతుకు పోతుందో బావి తవ్వినవాళ్లకు తెలుసు. నాకు అర్థమైనంత వరకు పైపైన తడిసే వానలు గడ్డికి మేలు, లోతుకు ఇంకే వానలు పొదలకు మేలు. చలి పడి గడ్డి నిద్రపోయే నవంబర్‌లో తుపాను వానలు ఎక్కువ పడితే ఆ నీళ్లు తాగేది ఎవరు? తుమ్మ, తంగేడు, బందారు. 2021 నవంబర్ వానల తర్వాత మా గుట్ట మీద తుమ్మ మొలకలు అడుగడుక్కీ ఉండేవి.

పచ్చికబయలు
@ఎర్రగుట్ట_టీచర్ మీ ఆలోచన దిశ సరైనదే. అమెరికాలో న్యూ మెక్సికోలోని జోర్నాడా పరిశోధన క్షేత్రంలో 1912 నుంచి ఇదే చూస్తున్నారు, అక్కడ గడ్డిని తరిమేసింది మన తుమ్మకు దగ్గరి చుట్టం. చలికాలపు వాన లోతుకు ఇంకి పొదలకు దక్కుతుందని అక్కడి అనుభవం. కానీ మన నవంబర్ అంత చలి కాదు, గడ్డి పూర్తిగా నిద్రపోదు. పగలు తగ్గేసరికి చాలా గడ్డి ఎన్నుకు వచ్చి ఉంటుంది కాబట్టి కొత్త ఆకు తక్కువ. అయినా దుబ్బు వేళ్లు నిండేది ఆ తడితోనే. మీ తుమ్మ మొలకలకు వానతో పాటు ఇంకో కారణం ఉంది: కాయలు తిన్న గొర్రెలు, మేకలు పెంటికల్లో గింజలు చల్లుతాయి.

మెట్టరైతు_పత్తికొండ
బట్టలకు గుచ్చుకునే ముళ్ల గడ్డి సంగతి కూడా రాయండి. ఊలు పాడు చేసేది, గొర్రె నోట్లో పుండ్లు చేసేది.

పచ్చికబయలు
దాని శాస్త్రీయ నామం హెటెరోపోగాన్ కంటార్టస్. దాని విత్తనం ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని ఒక నీటిచుక్క వేయండి. తోకలాంటి నల్లటి మీసం మెలితిరిగి ఉంటుంది. తడి తగలగానే మెలి విప్పుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది, ఆరితే మళ్లీ వెనక్కి మెలిపడుతుంది. నేల మీద పడ్డ విత్తనం తడి, పొడి మారినప్పుడల్లా ఇలా తిరుగుతూ మొనను మట్టిలోకి దించుకుంటుంది. గొర్రె తోలులోకి దిగేదీ ఇలాగే. ఎన్ను తీయకముందు అది మంచి మేత. అందుకే దాన్ని లేతగా ఉన్నప్పుడే మేపాలి, ముదిరాక మందను అటు తోలకూడదు.

సీమజీవాలు
@గుట్టకింద_ఊరు వాదన ఎందుకు, తేల్చుకుందాం. బీట్లో నాలుగు సెంట్లు ముళ్లకంప వేసి మూసెయ్. లోపలికి మంద పోకూడదు. లోపలా బయటా వాన ఒక్కటే పడుతుంది. లోపల గడ్డి లేస్తే మేపుదే తప్పు, లేవకపోతే వానదే తప్పు.

పచ్చికబయలు
మంచి పని. ఒక్క చోట కాదు, వాలు మీద ఒకటి, పల్లంలో ఒకటి వేయండి. ప్రతి వాన తేదీ రాసిపెట్టండి. ఒక్క ఏడాదితో తేలదు, మూడు నాలుగేళ్లు ఉంచాలి.

గుట్టకింద_ఊరు
నాన్నతో మాట్లాడా, కంప ఈ వారమే కొడతామన్నాడు. ఊరివాళ్లకు చెప్పి ఒప్పించే పూచీ ఆయనదే.

గుట్టకింద_ఊరు
నవంబర్ చివర. చిత్తలోనూ స్వాతిలోనూ రెండు మంచి వానలు పడ్డాయి. చూసినవి చూసినట్టు రాస్తున్నా.

వాలు మీద కంప లోపల బోద దుబ్బులు లేచాయి, జానెడు ఎత్తు. బయట అవే దుబ్బులు ఉన్నాయి కానీ నేల మట్టానికి కొరికి ఉన్నాయి. దగ్గరికి పోయి వంగి చూస్తే తప్ప దుబ్బు ఉందని కూడా తెలియదు. పల్లంలో మాత్రం లోపలా బయటా తేడా లేదు. రెండు చోట్లా తంటెం, పల్లేరే. ఏకవార్షిక గడ్డి లోపల కూడా మొలవలేదు.

సీమజీవాలు
వాలు మీద నాది, పల్లంలో ఆయనది.

పచ్చికబయలు
పల్లంలో విత్తనమే అయిపోయిందని అర్థం. రోహిణిలో మొలిచి చచ్చినవే ఆ విత్తనం. అది వాటంతట అది తిరిగి రావాలంటే పక్క నుంచి గాలికో, జీవాలకు అంటుకునో రావాలి. చాలా ఏళ్లు పట్టొచ్చు.

గుట్టకింద_ఊరు
బయట నుంచి చల్లితే? నాన్న అదే అడుగుతున్నాడు. ఏ గడ్డి, ఎప్పుడు?

మెట్టరైతు_పత్తికొండ
అంజన్ గడ్డి చల్లండి. మా పొలం గట్ల మీద వేశాం, బెట్టకు ఆగుతుంది, గొర్రెలు ఇష్టంగా తింటాయి. దానితో స్టైలో కలిపితే పప్పుజాతి మేత కూడా వస్తుంది.

పచ్చికబయలు
అంజన్ విత్తనం కోసిన వెంటనే చల్లితే సరిగా మొలవదు, కొన్ని నెలలు నిల్వ ఉంచాలి. ఇప్పుడు సేకరించింది వచ్చే తొలకరికి పనికొస్తుంది. గింజ తేలిక, గాలికి ఎగిరిపోతుంది. పేడ, బంకమట్టి, ఇసుకతో కలిపి చిన్న ఉండలు చేసి ఆరబెట్టుకోండి. లోతుగా పాతొద్దు, పైన కాస్త మట్టి చాలు. అన్నిటికంటే ముఖ్యం, రోహిణి వానకు అంతా ఒకేసారి చల్లొద్దు. మూడు భాగాలు చేసి ఒకటి తొలి వానకు, ఒకటి ఆరుద్రకు, ఒకటి పుష్యమికి చల్లండి. ఏదో ఒకటి నిలబడుతుంది.

గునుగుపువ్వు
మీ గుట్ట మీద కంప లోపలి బోద కూడా ఎన్ను తీస్తుంది కదా. దాని విత్తనం కోసి పెట్టుకోండి తమ్ముడూ, ఇంటి మీద కప్పుకైనా పనికొస్తుంది ఆ జాతి. బయట కొనేదానికంటే మీ గుట్టకు అలవాటైన విత్తనం మేలు.

గుట్టకింద_ఊరు
సరే అక్కా. పల్లంలో కంప తీసేయమంటారా, ఉంచమంటారా?

పచ్చికబయలు
ఉంచండి. విత్తనం చల్లేది దాని లోపలే.